ఒకే కంప్యూటరుకు రెండు కీబోర్డులు

లినక్స్ కంప్యూటరుకు రెండో కీబోర్డు తగిలిస్తే, దేన్ని నొక్కినా అక్షరం ఒకే చోట పడుతుంది. మరి ఒకటి ఇంగ్లీషుకు, ఇంకొకటి తెలుగుకు కేటాయించుకోలేమా? తప్పకుండా కేటాయించుకోవచ్చు.

లినక్స్ కెర్నల్ ప్రతి కీబోర్డునూ విడిగానే గుర్తిస్తుంది. ఒక్కోదానికి ‘ఈవెంట్’ అనే పేరు, ఒక నంబరుతో ఫైలు ఉంటుంది. ఎక్స్ డెస్క్‌టాప్‌లో వాటన్నిటినీ కలిపేసేది పైనున్న ఎక్స్ సర్వర్. దీనికి మూడు మార్గాలున్నాయి.

మొదటిది: ‘ఎక్స్‌ఇన్‌పుట్’ అనే ఆజ్ఞ ఇస్తే కీబోర్డుల జాబితా, నంబర్లు కనబడతాయి. రెండోదాని నంబరు చెప్పి ‘సెట్‌ఎక్స్‌కెబిమ్యాప్’ ద్వారా తెలుగు లేఅవుట్ ఇస్తే, అదొక్కటే తెలుగు రాస్తుంది. మాటిమాటికీ భాష మార్చే బాధ తప్పుతుంది.

రెండవది: 2009లో వచ్చిన ఎక్స్ సర్వర్ 1.7 నుంచి రెండో కర్సరును సృష్టించి, రెండో కీబోర్డునూ మౌసునూ దానికి కలపవచ్చు. ఒకే తెరపై ఇద్దరు చెరొక కిటికీలో టైపు చేయవచ్చు. అయితే కొన్ని డెస్క్‌టాప్‌లు దీనికి సరిగా సహకరించవు.

ఈ రెండూ ఎక్స్ డెస్క్‌టాప్‌లోనే పనిచేస్తాయి. ఇప్పుడు చాలా లినక్స్‌లలో ఉన్న వేలాండ్‌లో పనిచేయవు.

మూడవది రెండింటిలోనూ పనికొస్తుంది. పైథాన్ ‘ఈవీడెవ్’ లైబ్రరీతో ఆ ఫైలును మన ప్రోగ్రామే పట్టుకుంటే, ఆ మీటలు వేరెవరికీ చేరవు. ఏ మీటకు ఏ పని అన్నది మన ఇష్టం.

ఒక జాగ్రత్త: కంప్యూటరు మళ్లీ వేసినప్పుడు ఈవెంట్ నంబరు మారవచ్చు. అందుకే ‘బై-ఐడీ’ ఫోల్డరులోని పేరు వాడాలి. పొరపాటున మొదటి కీబోర్డును పట్టుకుంటే, ఆ కీబోర్డుతో ప్రోగ్రామును ఆపలేం!

కనుక తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పాత కీబోర్డును మూలన పడేయకండి. మీటలపై తెలుగు అక్షరాలు అంటించి, టైపు నేర్చుకోండి.