కారులో కంప్యూటర్ పెట్టాలా? ముందు బ్యాటరీ లెక్క చూసుకోండి

ఆర్మూర్ నుంచి నిజామాబాద్ యార్డుకు తిరిగే పసుపు వ్యాపారికి బిల్లులు, ధరలు దారిలోనే చూసుకునే వీలుంటే పని సులువే. కారులో కంప్యూటర్ పెట్టుకోవచ్చు. కానీ అసలు సమస్య కరెంటు.

కారు బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులు. ఇంట్లో వాడే డెస్క్‌టాప్‌కు 230 కావాలి. ఇన్వర్టర్ పెడితే నడుస్తుంది గానీ కరెంటు కొంత వృథా అవుతుంది. 12 వోల్టులతో నేరుగా నడిచే చిన్న కంప్యూటర్ మేలు. సెల్ఫ్ కొట్టగానే వోల్టేజీ పడిపోయి కంప్యూటర్ ఆగిపోతుంది కాబట్టి, దాన్ని తట్టుకునే కార్ పవర్ సప్లై పెట్టించాలి.

60 వాట్ల కంప్యూటర్ సుమారు 5 ఆంపియర్లు లాగుతుంది. ఇంజిన్ ఆపేసి వాడితే 35 ఆంపియర్-అవర్ బ్యాటరీ మూడున్నర గంటల్లో సగం ఖాళీ అవుతుంది. ఆ తర్వాత బండి స్టార్ట్ కాకపోవచ్చు. 300 వాట్లదైతే 25 ఆంపియర్లు కావాలి. సిగరెట్ లైటర్ సాకెట్ అంత తట్టుకోదు, ఫ్యూజు పోతుంది. అప్పుడు పెద్ద ఫ్యూజు వేయించారంటే వైరే కాలుతుంది, కారుకే నిప్పు అంటుకోవచ్చు. బ్యాటరీ నుంచి సరైన మందం వైరు వేరుగా లాగించి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించండి.

ఎయిర్‌బ్యాగ్ తెరుచుకునే చోట స్క్రీన్ బిగించొద్దు. ఎండలో మూసిన కారులో ల్యాప్‌టాప్ వదలొద్దు. బండి నడిపేవారు స్క్రీన్ చూడొద్దు. వెనక సీట్లో పిల్లలున్నారన్నది మరవొద్దు.