ఏడాదికి 3,000 కిలోమీటర్లే తిరిగే కారుకి ఇంజిన్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి?

వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని మా టీమ్‌లో సగం మంది కార్లు అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో దుమ్ము పట్టి ఉంటున్నాయి. వారానికి రెండుసార్లు మెట్రో స్టేషన్ దాకా, ఆదివారం సూపర్‌మార్కెట్‌కి, అంతే. సర్వీస్ సెంటర్ నుంచి "సార్, మీ వెహికల్ సర్వీస్ డ్యూ ఉంది" అని ఫోన్ వస్తే అందరిదీ ఒకటే డౌట్. ఏడాదికి 3,000 కిలోమీటర్లు కూడా తిరగలేదు, మాన్యువల్‌లో 10,000 అని ఉంది, ఇప్పుడే ఆయిల్ ఎందుకు మార్చాలి?

మాన్యువల్‌లో ఆ లైన్‌ని చివరిదాకా చదివితే సగం డౌట్ అక్కడే తీరిపోతుంది. మన దగ్గర చాలా పెట్రోల్ కార్లకి "10,000 కి.మీ. లేదా 12 నెలలు, ఏది ముందు వస్తే అది" అని ఉంటుంది. కోడ్ రాసేవాళ్ల భాషలో చెప్పాలంటే ఇది ఓఆర్ కండిషన్, యాండ్ కాదు. మీ మోడల్‌కి నంబర్లు వేరుగా ఉండొచ్చు, కాబట్టి ఒకసారి గ్లవ్‌బాక్స్ తెరిచి చూడండి.

సరే, కానీ ఆ 12 నెలలు ఎందుకు? ఆయిల్ ఏమైనా పాల ప్యాకెట్టా, డేట్ దాటితే పాడైపోవడానికి? కాదు. సీల్ తీయని డబ్బాలో ఆయిల్ ఏళ్ల తరబడి బాగానే ఉంటుంది. ఇంజిన్‌లో పోశాక అందులో కలిసే వాటితోనే సమస్య అంతా.

లీటరు పెట్రోల్ మండితే దాదాపు లీటరు నీరు తయారవుతుంది, ఆవిరి రూపంలో. అందులో ఎక్కువ భాగం సైలెన్సర్ నుంచి బయటికి పోతుంది. పొద్దున్నే కారు స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ గొట్టం చివర కారే చుక్కలు అవే. కానీ కొంత ఆవిరి పిస్టన్ రింగుల సందుల్లోంచి కిందకి జారి ఆయిల్ ఉండే చోటికి చేరుతుంది. ఇంజిన్ చల్లగా ఉంటే అది గోడలకి పట్టి నీళ్లలా మారి ఆయిల్‌లో కలుస్తుంది. దానికి తోడు, చల్లటి ఇంజిన్‌కి ఈసీయూ కాస్త ఎక్కువ పెట్రోల్ పంపుతుంది. అందులో మండకుండా మిగిలింది సిలిండర్ గోడల వెంట దిగి అదే ఆయిల్‌లోకి వెళ్తుంది. నీరు, పెట్రోల్, మంట తాలూకు వాయువులు కలిసి ఆమ్లాలు, మడ్డి తయారవుతాయి. వాటిని అడ్డుకోవడానికి ఆయిల్‌లో వేసిన అడిటివ్స్ ఆ పని చేస్తూ చేస్తూ కరిగిపోతాయి.

ఇంజిన్ బాగా వేడెక్కితే నీరు, పెట్రోల్‌లో చాలా వరకు మళ్లీ ఆవిరైపోతాయి, వెంటిలేషన్ వాల్వ్ ఆ ఆవిరిని తిరిగి ఇంజిన్‌లోకి పంపి కాల్చేస్తుంది. ఇక్కడ చాలామందికి తెలియని విషయం ఒకటుంది. డ్యాష్‌బోర్డ్ మీద టెంపరేచర్ గేజ్ చూపించేది కూలెంట్ వేడిని. ఆయిల్ దానికంటే చాలా ఆలస్యంగా వేడెక్కుతుంది. నేను బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్ పెట్టి చూశాను. డిసెంబర్ ఉదయం, రెండున్నర కిలోమీటర్ల మెట్రో ట్రిప్. కూలెంట్ 70 డిగ్రీలు దాటేసరికి స్టేషన్ పార్కింగ్ వచ్చేసింది. నా కారు ఆయిల్ టెంపరేచర్‌ని ఓబీడీలో చూపించదు కానీ, కూలెంటే అక్కడుంటే ఆయిల్ సంగతి ఊహించుకోవచ్చు.

అందుకే ఓడోమీటర్ ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. రెండు కార్లు తీసుకుందాం. మొదటిది రెండు నెలలకోసారి హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లొస్తుంది, రానూపోనూ 550 కిలోమీటర్లు. ఏడాదికి ఆరు ట్రిప్పులు, 3,300 కిలోమీటర్లు. రెండోది రోజుకి రెండుసార్లు 5 కిలోమీటర్లు తిరుగుతుంది, ఏడాదికి 330 రోజులు. అదీ 3,300 కిలోమీటర్లే. కానీ మొదటి కారుకి చల్లటి స్టార్టులు డజనుకి కాస్త అటూ ఇటూ. రెండో దానికి 660! సెకండ్ హ్యాండ్‌లో అమ్మేటప్పుడు రెండూ "తక్కువ తిరిగిన కార్లే".

మొదటి రకం వాళ్లు ఏడాదికోసారి నిశ్చింతగా మార్చుకోవచ్చు. రెండో రకం వాళ్లు మాన్యువల్‌లో "సివియర్ కండిషన్స్" అనే పేజీ వెతకండి. చిన్న ట్రిప్పులు, దుమ్ము, ఎక్కువసేపు ఐడ్లింగ్ లాంటివి ఆ లిస్టులో ఉంటాయి, గడువు దాదాపు సగానికి తగ్గుతుంది. నా మటుకు నేనైతే టర్బో, డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజిన్ ఉన్న కారుకి అలాంటి వాడకంలో ఆరు నెలలకే మార్చేస్తాను. వాటిలో పెట్రోల్ ఆయిల్‌లోకి దిగడం ఎక్కువ. మామూలు పెట్రోల్ ఇంజిన్‌కైనా పది, పదిహేను రోజులకోసారి అరగంట, ముప్పావు గంట అవుటర్ రింగ్ రోడ్ మీద తిప్పడం మంచిది. దానివల్ల ఏడాది గడువు మాత్రం పెరగదు.

"వారానికోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తున్నాను" అనేవాళ్లకి ఒక మాట. అది మంచి కంటే చెడే ఎక్కువ చేస్తుంది. ఐడ్లింగ్‌లో ఆయిల్ వేడెక్కదు, కొత్తగా నీరు, పెట్రోల్ మాత్రం చేరతాయి. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ ఖర్చు చేసింది కూడా పూర్తిగా తిరిగి ఎక్కకపోవచ్చు.

ఈ లెక్కంతా కారే వేసుకోవచ్చు కదా అంటారా? కొన్ని వేస్తాయి. జనరల్ మోటార్స్ 1980ల చివర్లో తెచ్చిన ఆయిల్ లైఫ్ సిస్టమ్‌లో ఆయిల్‌ని పరీక్షించే సెన్సార్ ఏదీ లేదు, అంతా అల్గారిథమే. ఇంజిన్ ఎన్ని చుట్లు తిరిగింది, ఎంత వేడిలో తిరిగింది అన్నది లెక్కేసి పర్సెంటేజ్ చూపిస్తుంది. అంత చేసినా, స్క్రీన్ ఏం చూపించినా ఏడాదికోసారి మార్చమనే వాళ్ల మాన్యువల్ చెబుతుంది. మన చిన్న కార్లలో కనిపించే సర్వీస్ రిమైండర్‌కి ఇంత తెలివి ఆశించకండి, చాలావాటిలో అది కిలోమీటర్లు, రోజులు చూసే కౌంటర్ మాత్రమే.

రంగు చూసి నిర్ణయించడం కూడా దండగే. ఆయిల్ నల్లబడిందంటే మురికిని పట్టి ఉంచుతోందన్నమాట, డీజిల్‌లో అయితే కొద్ది రోజులకే నల్లబడుతుంది. చూడాల్సినవి వేరే ఉన్నాయి. డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోల్ కొడుతోందా? లెవెల్ తగ్గాల్సింది పోయి పెరిగిందా? ఫిల్లర్ క్యాప్ లోపల వెన్నలా తెల్లటి పూత ఉందా? చిన్న ట్రిప్పుల కారుకి చలికాలంలో ఆ పూత కొంచెం ఉండటం మామూలే. ఎక్కువగా ఉండి, కూలెంట్ కూడా తగ్గుతుంటే మాత్రం హెడ్ గ్యాస్కెట్ చెక్ చేయించాలి, ఆయిల్ మారిస్తే పోయేది కాదు.

డబ్బుల సంగతి. చిన్న కారుకి మూడు నుంచి నాలుగు లీటర్ల ఆయిల్, ఒక ఫిల్టర్. నాకు పోయినసారి రెండూ కలిపి మూడు వేల లోపే అయింది. అదే బిల్లులో "ఇంజిన్ ఫ్లష్", "డీకార్బనైజేషన్" అని ఇంకో మూడు వేలు కలపబోతే వద్దన్నాను. మాన్యువల్ అడగనిది తక్కువ తిరిగిన కారుకి అసలే అక్కర్లేదు. 3,000 కిలోమీటర్లకే మార్చమనే మెకానిక్ సలహా పాత ఆయిల్స్ కాలం నాటిది. కానీ వారంటీ ఉన్న కారుకి ఏడాది గడువు మాత్రం దాటించకండి, రేపు ఇంజిన్ క్లెయిమ్ పెడితే ముందు అడిగేది సర్వీస్ రికార్డే.

ఇంట్లో కూరగాయల మార్కెట్‌కి మాత్రమే వెళ్లే స్కూటర్ ఉంటే దానికీ ఇదే లెక్క, ఇంకాస్త గట్టిగా. అందులో పట్టేదే లీటరు లోపు ఆయిల్, కాబట్టి కొంచెం తగ్గినా, కొంచెం పలచబడినా తేడా పెద్దది. సెంటర్ స్టాండ్ వేసి చెక్ చేయండి. చాలా మోడల్స్‌లో డిప్‌స్టిక్‌ని మర బిగించకుండా ఊరికే లోపల పెట్టి తీసి లెవెల్ చూడాలి.