పొయ్యి లేని పెట్టెకి ఒక హలో

ఒరేయ్ పిల్లలూ, వైఫై ఆగిందంటే పరిగెత్తి స్విచ్చి ఆపి మళ్లీ వేస్తారే, ఆ రౌటర్ కూడా కంప్యూటరేనని తెలుసా? తెర లేదు, కీబోర్డు లేదు గానీ ప్రాసెసర్ ఉంది, మెమరీ ఉంది, చాలావాటిలో లైనక్స్ నడుస్తుంటుంది. మరి లైనక్స్ ఉన్నచోట మనం రాసిన ప్రోగ్రామ్ నడవకేం? "హలో" అని చెప్పి ఊరుకునేదైనా సరే, మనది మనదే కదా.

దీని వెనక ఓ కథుంది. 2002 చివర్లో లింక్‌సిస్ వాళ్లు డబ్ల్యూఆర్‌టీ54జీ అని నీలం, నలుపు రంగుల రౌటర్ ఒకటి తెచ్చారు. కొన్నవాళ్లు ఊరుకుంటారా? లోపల తవ్వి చూస్తే లైనక్స్! లైనక్స్ లైసెన్సు ప్రకారం దాన్ని ఎంతైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. ఇంకొకరి చేతికిచ్చినప్పుడు మాత్రం సోర్స్ కోడూ ఇవ్వాలి. లింక్‌సిస్ వాళ్లు ఇవ్వలేదేమని గొడవ లేచింది, 2003లో కోడ్ బయటికొచ్చింది. దాన్ని పట్టుకుని 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ప్రాజెక్టు మొదలైంది. ఇవాళ వందల రకాల రౌటర్లలో కంపెనీవారి ఫర్మ్‌వేర్ తీసేసి దీన్ని ఎక్కించుకోవచ్చు.

ఆ మొదటి పెట్టెలో ఫ్లాష్ 4 మెగాబైట్లు, ర్యామ్ 16. మీ ఫోన్లో ఒక్క ఫొటోకే ఆ నాలుగూ చాలవు. అంత చోటులో మన ప్రోగ్రామ్‌ని తయారుచేసే కంపైలర్ ఎక్కడ పడుతుందిరా? హాస్టల్లో ఉన్న మనవడికి పొయ్యి ఉండదు. ఆవకాయ ఇక్కడ మన ఇంట్లోనే కలిపి, కారం మాత్రం వాడు తినగలిగినంతే వేసి, జాడీ బస్సెక్కిస్తాం. క్రాస్ కంపైలింగ్ అంటే అంతే. ప్రోగ్రామ్ తయారయ్యేది మన ల్యాప్‌టాప్ మీద, నడిచేది రౌటర్లోని మిప్స్ ప్రాసెసర్ మీదో ఆర్మ్ మీదో. అందుకు కావలసిన కంపైలరూ లైబ్రరీలూ అన్నీ ఒకచోట చేర్చి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్లే ఎస్‌డీకే అని ఇస్తారు. మీ రౌటర్ ఏ రకమో, అందులో ఏ వెర్షన్ ఉందో చూసి సరిగ్గా దానిదే దించుకోవాలి.

సీ భాషలో హలో రాయడం ఐదు నిమిషాల పని. అసలు తెలివంతా పక్కన పెట్టే మేక్‌ఫైల్‌లో ఉంది. ప్యాకేజీ పేరేమిటి, వెర్షనెంత, ఎస్‌డీకే మెనూలో ఏ వర్గంలో కనపడాలి, ఇంకే లైబ్రరీల మీద ఆధారపడుతుంది, ఎలా కంపైల్ చెయ్యాలి, చివరికి రౌటర్లో ఏ డైరెక్టరీలో పెట్టాలి, అన్నీ అందులో చెప్పాలి. అన్నట్టు, అందులో ఆదేశాల వరస ముందు ట్యాబ్ కొట్టాలి, స్పేసులు పెడితే ఒప్పుకోదు. ఈ చాదస్తం 1976 నాటిది. ఆ ఫైలుని చదివి పని చేసే మేక్‌ని రాసిన స్టువర్ట్ ఫెల్డ్‌మన్ ఇది ఇబ్బందని గ్రహించేసరికే డజను మంది దాకా వాడుతున్నారట. వాళ్ల ఫైళ్లు చెడిపోతాయని మార్చలేదు. ఆ పన్నెండుమంది కోసం పడ్డ మొహమాటాన్ని ఇప్పటికీ లోకమంతా మోస్తోంది!

అంతా కుదిరితే ఎస్‌డీకే ఐపీకే అనే ప్యాకేజీ ఫైలు చేతికిస్తుంది. విప్పి చూడండి, సరదాగా ఉంటుంది. ఒక మూటలో ప్రోగ్రామ్, ఇంకో మూటలో దాని వివరాలు, వాటితో డెబియన్ పేరున్న బుల్లి ఫైలొకటి. ఈ పద్ధతి డెబియన్ లైనక్స్ నుంచి వచ్చిందని అదే చెప్పేస్తుంది. ఆ ఐపీకేని రౌటర్లో టీఎంపీ డైరెక్టరీకి పంపండి. అది ర్యామ్‌లో ఉంటుంది కాబట్టి ఫ్లాష్‌లో చోటు తినదు. తర్వాత ఓపీకేజీ అనే ప్యాకేజీ మేనేజర్‌తో ఇన్‌స్టాల్ చేస్తే సరి. కొత్త వెర్షన్లలో ఆ పని ఏపీకేకి అప్పగిస్తున్నారు.

ఒక్కోసారి ఓ తమాషా జరుగుతుంది. ఫైలు కళ్లెదురుగా ఉంటుంది, నడపబోతే "కనపడలేదు" అంటుంది. కనపడనిది మీ ప్రోగ్రామ్ కాదురా, దాన్ని మెమరీలోకి ఎక్కించే లోడర్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఉండే సీ లైబ్రరీ మజిల్. మీరు వేరే లైబ్రరీకి కంపైల్ చేసి ఉంటారు. రౌటర్ని తిట్టకుండా ల్యాప్‌టాప్‌లో ఫైల్ అనే కమాండ్ కొట్టండి. ఏ ప్రాసెసర్ కోసం చేశారో, ఏ లోడర్ అడుగుతోందో రెండూ ఒక్క వరసలో చూపిస్తుంది.