చర్చి మానేసినా పాట మానలేదు

గురువారం సాయంత్రం దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడి బయట నాన్న చెప్పులకి కాపలా కాయడం నా డ్యూటీ. ఆయన లోపలికి వెళ్తారు, నేను వెళ్లను. ఆయన రిటైరైన తెలుగు పండితులు. నేను పగలు కోడ్ రాస్తాను, రాత్రి వచన కవితలు. గొడవంతా ఆ రెండోదాని దగ్గరే. ‘అమెరికావాడు ఛందస్సు వదిలేశాడని మీరూ వదిలేశారు’ అంటారు. పోయిన నెల నా కవిత చదివి, ఏమీ అనకుండా కాగితం మడిచి ఇచ్చేశారు. తిట్టినా బాగుండేది.

ఆయన అనేది వాల్ట్ విట్మన్ని. 1855లో సొంత డబ్బుతో ‘లీవ్స్ ఆఫ్ గ్రాస్’ వేసుకున్నాడు. 12 కవితలు, ఛందస్సు లేదు. కానీ ఒకే మాటతో పాదాలు మొదలెట్టి ఊపుతూ పోయే ఆ పద్ధతి బైబిల్ వచనంలోనిదే. గతాన్ని తోసిపుచ్చడం లేదని ముందుమాట మొదట్లోనే చెప్పుకున్నాడు కూడా.

మొన్న లోపల భజన సాగుతుంటే, ఫోన్లో ఎమిలీ డికిన్సన్ని చదువుతున్నా. దాదాపు 1800 కవితలు రాసింది. బతికుండగా అచ్చయినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 30 దాటాక చర్చికి వెళ్లడం దాదాపు మానేసింది. కవితల్లో చాలావాటి కొలత మాత్రం చర్చిలో పాడే కీర్తనలదే!

తిరుగు మెట్రోలో నాన్నకి ఒకటి చదివి వినిపించా. ఆయన వేళ్లు ముడుస్తూ లెక్కేశారు. 8 అక్షరాలు, 6 అక్షరాలు, మళ్లీ 8, మళ్లీ 6.

‘కొలతుందిరా దీనికి!’ అన్నారు. చైతన్యపురి దాటేసరికి గురజాడ దగ్గరికొచ్చేశారు. ‘1910లో ముత్యాల సరాన్ని కొత్త ఛందస్సన్నారు. 3, 4 మాత్రల ఆ నడక పాత వృషభగతి రగడది కాదూ?’

మా సాఫ్ట్‌వేర్‌లో దీన్నే ఇన్‌హెరిటెన్స్ అంటాం. పాత క్లాసు గుణాలు కొత్త క్లాసుకి వాటంతటవే వస్తాయి, అక్కర్లేనివి మార్చి రాసుకుంటాం. ఆయనకి చెప్పలేదు. జావా అంటే ఇప్పటికీ అంబలే అనుకుంటారు.

ఎల్బీనగర్ చివరి స్టేషన్. అందరూ దిగుతున్నారు. ‘నీది పైకి చదువు’ అన్నారు, కూర్చున్నచోటి నుంచి కదలకుండా.

బ్యాగులోంచి ఆ మడత కాగితం తీసి చదివా. మూడు పాదాల దాకా ఆయన వేళ్లు కదిలాయి. నాలుగో పాదంలో ఆగాయి.

‘ఇదిగో, ఇక్కడ జారావు’ అన్నారు.