నాయకుని వివేకం: సర్గ్ మజిలీలో ఒక నిర్ణయం

నాయకత్వాన్ని ఇస్లాం ఒక అమానత్‌గా, అనగా అల్లాహ్ సన్నిధిలో లెక్క అప్పజెప్పవలసిన బాధ్యతగా పరిగణిస్తుంది. ఈ బాధ్యతను మోసేవారికి మూడు గుణాలు ముఖ్యం. మొదటిది హిక్మత్: ప్రతి విషయాన్నీ దాని స్థానంలో ఉంచగల వివేకం. అల్ బఖరా సూరా 269వ ఆయతు దీనిని గొప్ప మేలుగా పేర్కొన్నది. రెండవది ముహాసబా: ఇతరులు అడగకముందే తన మనసును తాను లెక్క అడగటం. మూడవది ఏతిదాల్: అతికీ కొరతకూ నడుమ నిలిచే సమతూకం.

ఈ మూడూ వేర్వేరుగా వింటే సులభంగానే తోస్తాయి. వేలాది ప్రాణాలు ఒక్క మాటపై ఆధారపడి ఉన్న సమయంలో అవి ఎలా పనిచేస్తాయన్నదే అసలు ప్రశ్న. దీనికి రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) జీవితంలోని ఒక సంఘటన చక్కని సమాధానం ఇస్తుంది. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఈ వృత్తాంతం సహీహ్ బుఖారీ, సహీహ్ ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది.

సర్గ్‌లో సంప్రదింపులు

హిజ్రీ 18 (క్రీ.శ. 639) ప్రాంతంలో హజ్రత్ ఉమర్ (రజి) మదీనా నుండి సిరియాకు బయలుదేరారు. హిజాజ్, సిరియాల సరిహద్దులోని సర్గ్ అనే చోట సేనాపతి హజ్రత్ అబూ ఉబైదా (రజి), ఇతర సేనానాయకులు ఆయనను కలుసుకున్నారు. సిరియాలో ప్లేగు చెలరేగిందని వారు తెలిపారు. పాలస్తీనాలోని అమ్వాస్ పట్టణం పేరిట చరిత్రలో నిలిచిపోయిన మహమ్మారి ఇదే.

ఖలీఫా మొదట ముహాజిర్లను పిలిపించారు. ఒక పని మీద వచ్చారు గనుక వెనుదిరగరాదని కొందరు, దైవప్రవక్త (స) సహచరులను మహమ్మారికి అప్పగించరాదని కొందరు అన్నారు. ఆయన వారిని పంపివేసి అన్సార్లను పిలిచారు. వారిలోనూ అదే భేదం కనిపించింది. ఆపైన మక్కా విజయకాలంలో వలసవచ్చిన ఖురైషు పెద్దలను పిలిచారు. వెనుదిరగటమే మేలని వారందరూ ఏకకంఠంతో చెప్పారు. అప్పుడు గాని, ఉదయమే తిరుగు ప్రయాణమని ఆయన ప్రకటించలేదు.

అల్లాహ్ నిర్ణయించిన విధివ్రాత నుండి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) నిలదీశారు. ఆయన సామాన్యులు కారు. ఈ ఉమ్మత్‌కు అమీన్ అని దైవప్రవక్త (స) పిలిచిన సహాబీ. ఆయనతో విభేదించటం ఖలీఫాకు కష్టం కలిగించింది. ఈ మాట మరొకరు అని ఉంటే బాగుండేదని మాత్రం అని, అల్లాహ్ విధివ్రాత నుండి అల్లాహ్ విధివ్రాత వైపునకే వెళుతున్నామని బదులిచ్చారు. పచ్చని గట్టు ఒకటి, ఎండిన గట్టు ఒకటి గల లోయలో ఒంటెలను ఏ గట్టున మేపినా అది అల్లాహ్ విధివ్రాత ప్రకారమే కదా అని ఉపమానం చెప్పారు. హోదాతో నోరు మూయించక, కారణం చెప్పి నచ్చజెప్పారు. జాగ్రత్త పడటం తవక్కుల్‌కు విరుద్ధం కాదన్న సూత్రం ఇందులో ఇమిడి ఉంది.

అంతలో, అప్పటివరకు అక్కడ లేని హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) వచ్చారు. మహమ్మారి ఉన్న ప్రాంతంలోకి వెళ్ళరాదనీ, తామున్న చోట అది వ్యాపిస్తే దానికి భయపడి పారిపోరాదనీ దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు తెలిపారు. హజ్రత్ ఉమర్ (రజి) అల్లాహ్‌ను స్తుతించి వెనుదిరిగారు.

ఒకే హదీసు, ఇద్దరు నాయకులు

ఆ హదీసుకు రెండు భాగాలున్నాయి. మొదటి భాగం బయట ఉన్న ఖలీఫాకు వర్తించింది. రెండవ భాగం లోపల ఉన్న సేనాపతికి వర్తించింది. ఒకరు వెనక్కి వెళ్ళారు, ఒకరు అక్కడే ఉండిపోయారు. ఇద్దరూ ఒకే ఆజ్ఞను పాటించారు.

తరువాత జరిగినది మరింత ఆలోచింపజేస్తుంది. చరిత్రకారుల కథనం ప్రకారం, ఖలీఫా ఏదో పని ఉన్నదని వ్రాసి హజ్రత్ అబూ ఉబైదా (రజి)ను మదీనాకు రమ్మన్నారు. ఆయన ప్రాణం కాపాడాలన్నది ఆ లేఖలోని అంతరార్థం. అది గ్రహించిన సేనాపతి, తన సైనికులను విడిచి రాలేనని సవినయంగా మన్నించమని కోరారు. ఆ జవాబు చదివి ఖలీఫా కన్నీరు పెట్టుకున్నారు. మిత్రుని నిర్ణయాన్ని త్రోసిపుచ్చలేదు. సైన్యాన్ని పల్లపు తేమ నేల నుండి ఎత్తైన ఆరోగ్యకర ప్రదేశానికి తరలించమని మాత్రం వ్రాశారు. హజ్రత్ అబూ ఉబైదా (రజి) ఆ మహమ్మారిలోనే కన్నుమూశారు. నాయకుని అభిమానం ఒక ప్రక్కకు ఒరిగినప్పుడు, ఆయన క్రింద పనిచేసేవారు తూకం నిలిపారన్నమాట. అలాంటి సహచరులు ఉండటం, వారి మాట చెల్లటం కూడా నాయకుని వివేకంలో భాగమే.

కరువు ఏడాది

ముహాసబా ఎలా ఉంటుందో అదే హిజ్రీ 18లో అరేబియాను పీడించిన కరువు చూపింది. దానికి 'ఆముర్రమాదా', అనగా బూడిద ఏడాది అని పేరు. ప్రజలకు అందేవరకు హజ్రత్ ఉమర్ (రజి) నెయ్యి మానివేసి, నూనెతో సరిపెట్టుకున్నారు. ఆకలి సంగతి కాగితాల మీద కాక తన కడుపులోనే తెలుసుకున్నారు. వర్షం కోసం హజ్రత్ అబ్బాస్ (రజి)తో దుఆ చేయించారు. అధికారులకు లేఖలు వ్రాసి ధాన్యం తెప్పించారు. ఆ ఏడు జకాత్ వసూలును వాయిదా వేశారు. దుఆ, ఏర్పాటు అనే రెండింటిలో దేన్నీ విడిచిపెట్టలేదు.

అలవరచుకునే విధానం

2020లో కరోనా వ్యాపించినప్పుడు మసీదు కమిటీలు ఎన్నో సర్గ్ సమస్యనే ఎదుర్కొన్నాయి. జుమా నమాజును ఆపటం ఈమాన్ లోపమా అన్న ప్రశ్న తలెత్తింది. నాడు ఖలీఫా అనుసరించిన క్రమం నేటికీ పనికివస్తుంది. మసీదు కమిటీ సదర్ అయినా, మదరసా నాజిమ్ అయినా, ఇంటి పెద్ద అయినా ముందు వినాలి. తనతో ఏకీభవించేవారినే కాక, విభేదించేవారినీ పిలవాలి. ఆలె ఇమ్రాన్ సూరా 159వ ఆయతు సూచించిన క్రమం కూడా ఇదే: ముందు సంప్రదింపు, తరువాత దృఢ నిర్ణయం, ఆపైన అల్లాహ్‌పై నమ్మకం. సంప్రదింపు లేని నిర్ణయం మొండితనం అవుతుంది. నిర్ణయానికి రాని సంప్రదింపు కాలయాపన అవుతుంది.

ఇక రాత్రి పడుకోబోయే ముందు మనసును అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. నేడు ఎవరి మాట వినకుండా త్రోసివేశాను? నా నిర్ణయపు భారం ఎవరిపై పడింది? అందులో నా వంతు నేను మోశానా? ఈ ప్రశ్నలకు ప్రతి రాత్రీ నిజాయితీగా జవాబు చెప్పుకునేవారికి వివేకం మెల్లమెల్లగా అలవాటవుతుంది.