రెండు రంగుల గడి

కంప్యూటరు తెరపై కనబడు బొమ్మ ముగ్గువంటిది. దాని కాధారము చుక్కలే. ఏ చుక్క ఏ రంగుదో యంత్రము జ్ఞాపకముంచుకొనవలెను. జ్ఞాపకమునకు చోటు కావలెను. చోటునకు వెల కలదు. సామాన్య గృహస్థునకు అందుబాటులో నుండు యంత్రమును నిర్మింప బూనినవారికి ఈ వెలయే పెద్ద చిక్కు.

1982వ సంవత్సరమున ఇంగ్లండులో కేంబ్రిడ్జి నగరమునందలి సింక్లెయిర్ రీసెర్చ్ సంస్థ జెడ్ ఎక్స్ స్పెక్ట్రమ్ అను చిన్న కంప్యూటరును వెలువరించినది. అందు చౌకరకము వెల 125 పౌనులు. దానిని ఇంటిలోని టెలివిజనుకే తగిలించుకొనవలెను. తెరపై అడ్డముగా 256, నిలువుగా 192, వెరసి 49,152 చుక్కలు, రంగులు ఎనిమిది. ఎనిమిది అవును-కాదు గుర్తులు పట్టు చోటునకు బైటు అని పేరు. ఎనిమిది రంగులలో నొకదానిని తెలుపుటకు మూడు గుర్తులు కావలెను. ప్రతి చుక్కకును విడిగా రంగు వ్రాసికొన్నచో 18,432 బైట్లు పట్టును. చౌకరకపు యంత్రములో వ్రాసికొనుటకున్న చోటు మొత్తము 16,384 బైట్లే! బొమ్మయే పట్టనిచోట లెక్కలకును ఆటలకును తావెక్కడిది?

కావున నిర్మాతలొక ఉపాయము పన్నిరి. ప్రతి చుక్కకు, అది సిరాయా కాగితమా అను ఒక్క గుర్తునే యుంచిరి. ఇందుకు 6,144 బైట్లు చాలినవి. పిదప తెరను అడ్డముగా 32, నిలువుగా 24 గడులుగా విభజించి, గడికొక బైటు చొప్పున 768 బైట్లలో రంగులను వ్రాసిరి. గడిలోని 64 చుక్కలకును సిరా రంగొకటి, కాగితపు రంగొకటి. మూడవదానికి చోటు లేదు. కాంతిని హెచ్చించు గుర్తును, మినుకుమను గుర్తును ఆ బైటులోనే యిమిడినవి. 6,912 బైట్లతో బొమ్మ ముగిసినది. తక్కిన పనులన్నిటికి 9,472 బైట్లు మిగిలినవి.

ఈ పొదుపునకు ఫలితము తెరపై కనబడెను. నల్లని నేలపై నొక ఆకుపచ్చని చెట్టు, దాని ముందు ఎర్రని మనిషి నడచుచున్నాడనుకొందము. అతడు చెట్టున్న గడిలో అడుగిడగానే ఆకులును ఎర్రబారును, లేదా అతడే ఆకుపచ్చనగును. యంత్రము చెడినదని చూపరులు భ్రమపడవచ్చును. కాని యిది యంత్రపు కట్టుబాటే.

మరియొక చిక్కు గలదు. బొమ్మను తెరకెక్కించు భాగమును, లెక్కలు చేయు భాగమును ఒకే జ్ఞాపకస్థలమును పంచుకొనుచుండెను. బొమ్మ తెరకెక్కుచుండగా రెండవది ఆ చోటును కోరినచో క్షణకాలమాగవలసినదే. అందుచే ఆ స్థలమున నుంచిన ప్రోగ్రాము కొంత మందగించుచుండెను.

ఈ హద్దు నెరిగినవారు దానికి తగిన మార్గములను వెదకికొనిరి. కొందరు బొమ్మల అంచులు గడుల అంచులతో కలియునట్లు గీసిరి. 1984లో వెలువడిన నైట్ లోర్ అను ఆటలో ఒక్కొక్క గది నంతను ఒకే సిరా రంగుతో చిత్రించి, గీతల నేర్పుచేతనే లోతును స్ఫురింపజేసిరి. రంగు తగ్గినను రూపము చెదరలేదు.

నేటి తెరలపై ప్రతి చుక్కకును తన రంగు తనకు గలదు. అయినను ఆనాటి బొమ్మను చూచునపుడు, ఎర్రబారిన ఆ ఆకులు 125 పౌనుల వెలకు మూల్యమని గ్రహింపవలెను. ఆ పొదుపే లేకున్నచో ఆ వెలకు ఆ బొమ్మ ఇంటికి వచ్చియుండెడిది కాదు.