ఎమ్మా నచ్చిందా, లేదా?

1815 డిసెంబరులో లండన్ ప్రచురణకర్త జాన్ మర్రే ‘ఎమ్మా’ నవలను మూడు సంపుటాలుగా తెచ్చాడు. పుస్తకం మీద రచయిత్రి జేన్ ఆస్టిన్ పేరు లేదు. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ రాసినావిడే దీన్నీ రాసిందని మాత్రం ఉంది. తండ్రి మూడో జార్జికి జబ్బు చేయడంతో రాజ్యభారం మోస్తున్న యువరాజుకు దాన్ని అంకితమిచ్చారు. జేన్ చెవులు మాత్రం దర్బారు వైపు లేవు. అమ్మ, అక్క, తమ్ముడు, మేనకోడలు, ఇరుగుపొరుగు ఏమంటున్నారో విని, అన్నీ తన చేత్తోనే రాసిపెట్టుకుంది. ఆ కాగితాలు ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

అందులో పొగడ్తలే ఉంటాయనుకుంటే పొరపాటు. రాసింది తెలిసినావిడ కాకపోతే చివరిదాకా చదవడం తనవల్ల అయ్యేది కాదని మిసెస్ డిగ్‌వీడ్ తేల్చేసింది. బాగాలేదని ఎవరో చెప్పగా విన్న ఫౌల్ గారు మొదటి అధ్యాయం, ఆఖరి అధ్యాయం చదివి ఊరుకున్నారు. కథ సరదాగానే ఉంది కానీ ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లోని కాలిన్స్, లేడీ కేథరిన్‌లకు సాటివచ్చే పాత్ర ఒక్కటీ లేదని కన్నతల్లే అన్నది. మేనకోడలు ఫానీకి కథానాయకుడు నైట్లీ ఎంతో నచ్చాడు, ఎమ్మాను మాత్రం భరించలేకపోయింది. నౌకాదళంలో పనిచేసే తమ్ముడు చార్లెస్ ఒక్క ప్రయాణంలోనే మూడుసార్లు చదివాడు. ‘ఎడిన్‌బరో రివ్యూ’ సంపాదకుడు జెఫ్రీకి మూడు రాత్రులు నిద్ర లేకుండా చేసిందన్న కబురు కూడా ఆ జాబితాకెక్కింది. ఎవరి మాటనూ జేన్ ఖండించలేదు, సమాధానం చెప్పుకోలేదు. తన పుస్తకం మీద ఇంత నమ్మకమున్న రచయితలు అరుదు.

అభిప్రాయాలు ఇంతగా చీలిపోవడానికి కారణం ఎమ్మాయే. 21వ ఏట ఉన్న ధనవంతుల పిల్ల. తెలివైంది, అందగత్తె. హైబరీ ఊరికి తనే పెళ్లిళ్ల పేరమ్మ. అమాయకురాలైన స్నేహితురాలు హారియెట్‌కు రాబర్ట్ మార్టిన్ అనే మంచి రైతు సంబంధం వస్తే చెడగొడుతుంది. బాక్స్ హిల్ విహారంలో, చితికిపోయిన కుటుంబానికి చెందిన మిస్ బేట్స్‌ను నలుగురిలో ఎగతాళి చేస్తుంది. నైట్లీ మందలిస్తే బండిలో ఏడ్చుకుంటూ ఇంటికి పోతుంది. నా దృష్టిలో ఆస్టిన్ రాసిన ఘట్టాల్లో అంతకు మించింది లేదు. మంచితనం పోతపోసిన కథానాయికను ఇష్టపడడానికి పాఠకుడు పెద్దగా కష్టపడనక్కర్లేదు. ఇక్కడ తప్పు చేసే అమ్మాయి మనసులోంచే లోకాన్ని చూడాలి. ఆమె మోసపోయిన ప్రతిసారీ మనమూ మోసపోతాం. కొందరికి కోపం వచ్చేది అందుకే!

ఆనాటి పెద్ద రచయిత్రి మరియా ఎడ్జ్‌వర్త్ ఇందులో కథే లేదని మొదటి సంపుటంతో ఆపేసింది. నవలాకారుడు వాల్టర్ స్కాట్‌కు అదే గుణంగా కనిపించింది. మామూలు మనుషుల నిత్యజీవితాన్ని ఉన్నదున్నట్టు చిత్రించే కొత్తరకం నవల అని ‘క్వార్టర్లీ రివ్యూ’లో మెచ్చుకున్నాడు. అచ్చువేసిన రెండు వేల ప్రతులు 1817లో జేన్ కన్నుమూసేనాటికి పూర్తిగా అమ్ముడుపోలేదు. అయినా కథ నిలిచింది: 2010లో ఢిల్లీ నేపథ్యంగా ‘ఆయిషా’ పేరుతో హిందీ సినిమాగా వచ్చింది కూడా ఈ కథే.

ఈ నవల ఇంకా చదవనివాళ్లు మరియాలా మధ్యలో వదిలేయకండి, ఫౌల్ గారిలా చివరి పేజీలకు దూకకండి. కనీసం బాక్స్ హిల్ దాకా వెళ్లండి. అప్పటికీ ఎమ్మా నచ్చకపోతే, నచ్చలేదని నిర్మొహమాటంగా చెప్పండి.